ముందు సోకేది సేవ చేసే చేతికే

(మహిళా దినోత్సవం సందర్భంగా జరిగిన జిల్లా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం. వక్త ప్రభుత్వ ఆస్పత్రుల్లో 34 ఏళ్లు నర్సుగా పనిచేసి 2021లో ఉద్యోగ విరమణ చేశారు.)

జంతువుల నుంచి మనుషులకు సోకుతున్న కొత్త వైరస్‌ల గురించి మాట్లాడమని మన కార్యకర్తలు అడిగినప్పుడు, ఇది డాక్టర్లు మాట్లాడాల్సిన విషయం కదా, నన్నెందుకు పిలుస్తున్నారు అన్నాను. "వైరస్ గురించి డాక్టర్లు చెప్తారు. అది వచ్చినప్పుడు మంచం పక్కన ఉండేది మీరే కదా సిస్టర్" అందొక అమ్మాయి. ఆ మాటకే ఒప్పుకున్నాను. నేను శాస్త్రవేత్తను కాను. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో తిరిగిన మనిషిని. చదివి తెలుసుకున్నది కొంత, చేసి తెలుసుకున్నది కొంత మీ ముందు పెడతాను.

మన భాషలో 'అంటు' అనే మాట ఎక్కడెక్కడ వాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. అంటువ్యాధి అంటాం. అంటరానితనం అంటాం. తిన్న గిన్నెలను అంట్లు అంటాం. రోగి వాంతి ఎత్తేది, అంట్లు తోమేది, ఆ పని చేసినందుకు దూరంగా ఉండమనిపించుకునేది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎక్కువగా ఆడవాళ్లు, అందులోనూ దళిత స్త్రీలు. నేనివాళ చెప్పబోయేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

అడవి నుంచి ఊళ్లోకి

మనుషులకు వచ్చే అంటురోగాల్లో సగానికి పైగా మొదట జంతువుల్లో ఉన్నవేనని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కొత్తగా పుట్టుకొస్తున్న వాటిలోనైతే నూటికి డెబ్బై అయిదు దాకా అలాంటివేనని అంచనా. ఎయిడ్స్ వైరస్ ఆఫ్రికాలో చింపాంజీల నుంచి మనిషికి వచ్చింది. కోవిడ్ వైరస్ మనిషిని ఎలా చేరిందన్న వాదన ఇంకా తెగలేదు గానీ, దాని దగ్గరి చుట్టాలు గబ్బిలాల్లో ఉన్నాయన్నది మాత్రం తేలింది. ఈ వైరస్‌లు ఆ జంతువుల్లో చాలాకాలంగా ఉన్నవే. వాటికి పెద్దగా హాని చేయకుండా బతుకుతుంటాయి. అడవికీ ఊరికీ మధ్య ఉన్న ఎడం పోయినప్పుడు మన మీదికి దూకుతాయి.

మలేసియాలో 1998-99లో ఏం జరిగిందో చూడండి. పెద్ద పెద్ద పందుల ఫారాలు పెట్టారు. వాటి పక్కనే పండ్ల తోటలు వేశారు. గబ్బిలాలు వచ్చి పండ్లు కొరికి కింద పడేశాయి. పందులు వాటిని తిన్నాయి. పందుల నుంచి ఫారాల్లో పనిచేసేవాళ్లకు జ్వరం, మెదడువాపు వచ్చాయి. అధికారులు మొదట ఇది దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని ఆ టీకాలు వేశారు, దోమల మందు కొట్టారు. జబ్బు ఆగలేదు. 1999లో చువా కా బింగ్ అనే డాక్టరు, ఇది ఇంతవరకూ తెలియని వైరస్ అని కనిపెట్టాడు. అప్పటికి నష్టం జరిగిపోయింది. మొత్తం 265 మందికి జబ్బు చేస్తే 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందులను చంపేశారు. సుంగై నిపా అనే ఊరి పేరు మీద దాన్ని నిపా వైరస్ అన్నారు.

బంగ్లాదేశ్‌లో అదే వైరస్ ఇంకో దారిన వచ్చింది. అక్కడ చలికాలంలో ఈత చెట్టుకు కుండ కట్టి రసం తీసి, పచ్చిది పచ్చిగానే తాగుతారు. రాత్రిపూట గబ్బిలాలు ఆ రసం నాకడానికి వస్తాయి. తెల్లారి ఆ కుండలోది పిల్లలు తాగుతారు.

ఇది విన్నవాళ్లకు వెంటనే గబ్బిలాల మీద కోపం వస్తుంది. గబ్బిలం అంటే మనకు జాషువా గుర్తొస్తాడు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు ఆ కావ్యంలో. గబ్బిలాలను చంపి వైరస్‌ను పోగొట్టిన దేశం ఏదీ లేదు. వాటిని చెదరగొడితే అవి ఇంకో ఊరికి పోతాయి, అంతే. అడవులు కొట్టేసి, వాటి తిండి లాగేసి, మన పెరటి చెట్ల దాకా రప్పించింది ఎవరన్నది అడగాలి.

మన పక్క రాష్ట్రంలోనే దీనికి ఉదాహరణ ఉంది. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరసగా చచ్చిపడిపోయాయి. ఆ చుట్టుపక్కల మనుషులకూ రక్తం పడే జ్వరాలు వచ్చాయి. కోతుల మీదా చిన్న జంతువుల మీదా బతికే పిడుదులు కుడితే వచ్చే వైరస్ అది. ఊళ్లో దాన్ని కోతి జ్వరం అంటారు. ఎవరికి వస్తుంది? ఎండాకాలం కట్టెలకూ ఎండుటాకులకూ అడవికి వెళ్లేవాళ్లకు, పశువులు తోలుకెళ్లేవాళ్లకు. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లాలో జీడిమామిడి తోటల కోసం అడవి కొట్టిన తర్వాత అక్కడా పెద్దయెత్తున వచ్చింది. తోట లాభం ఒకరికి, పిడుదు కాటు ఇంకొకరికి. ఏళ్ల తరబడి వేసిన టీకా సరిగా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు. ఎవరో కొద్దిమంది పేదలకు వచ్చే జబ్బుకు మందు కనిపెట్టే తొందర ఏ కంపెనీకి ఉంటుంది?

మన దగ్గర మెదడువాపు వార్డులో పనిచేసిన రోజులు నాకు గుర్తున్నాయి. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. దోమ దాన్ని మోసుకొస్తుంది. ఆ దోమ పుట్టేది నీళ్లు నిలిచిన వరిమళ్లలో. అయితే పిల్లలు చనిపోతున్నారన్న వార్త రాగానే అందరూ ఎరుకల వాడ మీద పడేవాళ్లు. పందుల్ని పట్టుకుపోయేవాళ్లు. ఒక పంది మీద కూతురి పెళ్లి, ఇంకో పంది మీద కొడుకు చదువు లెక్కవేసుకున్న తల్లులు మా ఆస్పత్రి ముందు కూర్చుని ఏడ్చేవాళ్లు. వాళ్ల పిల్లలూ అదే వార్డులో ఉండేవాళ్లు మరి. మడి ఉన్నవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఆస్పత్రి గుమ్మం దగ్గర

వైరస్ జంతువు నుంచి మనిషికి దూకడం చాలాసార్లు ఒక్క మనిషితోనే అయిపోతుంది. తర్వాత అది నడిచే దారి వేరు. నిపా గానీ ఎబోలా గానీ గాలిలో ఊరూరా ఎగిరిపోయే జబ్బులు కావు. నోటి తుంపర్లు, వాంతి, రక్తం, చెమట తగిలితే వచ్చేవి. అంటే రోగిని ఎవరు పట్టుకుని కూర్చోబెడతారో, ఎవరు నోరు తుడుస్తారో, ఎవరు గుడ్డలు ఉతుకుతారో, చనిపోయాక ఎవరు స్నానం చేయిస్తారో వాళ్లకే ముందు వస్తుంది. మనసులేని మనిషికి ఈ జబ్బు రాదు. దగ్గరికి వెళ్లినవాళ్లకే వస్తుంది.

2001లో పశ్చిమ బెంగాల్ సిలిగురిలో అంతుచిక్కని జ్వరం వచ్చింది. 66 మందికి వస్తే 45 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆస్పత్రి సిబ్బంది, రోగులను చూసుకోవడానికి వచ్చినవాళ్లు. అదేం జబ్బో అప్పుడు ఎవరికీ తెలియలేదు. దాచి ఉంచిన నమూనాలను తర్వాత పరీక్షిస్తే అది నిపా అని 2006లో బయటపడింది. పేరు కూడా తెలియని జబ్బుకు సేవ చేసి చనిపోయారు వాళ్లంతా.

2018 మే నెలలో అదే వైరస్ కేరళలో కోళికోడ్ జిల్లాకు వచ్చింది. పేరాంబ్ర దగ్గర ఒక యువకుడికి ముందు జ్వరం వచ్చింది. అతన్ని తాలూకా ఆస్పత్రిలో చేర్చారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు లినీ పుదుశ్శేరి. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. భర్త గల్ఫ్‌లో, ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. అతనికి వచ్చింది నిపా అని ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. మామూలుగా ఒక నర్సు చేసే పనులన్నీ చేసింది. కొద్ది రోజులకు ఆమెకూ జ్వరం వచ్చింది. మే 21న చనిపోయింది. చనిపోయే ముందు భర్తకు నాలుగు ముక్కలు రాసింది. ఇక మనం కలుసుకోలేమేమో, పిల్లలను నీతో గల్ఫ్‌కు తీసుకెళ్లు అన్న అర్థం వచ్చే మాటలవి. మృతదేహాన్ని ఇంటికి తీసుకెళ్లకుండానే దహనం చేశారు. జబ్బు ఇంకొకరికి పాకకూడదని కుటుంబమే ఒప్పుకుంది.

కేరళ ప్రభుత్వం ఆ పిల్లలకు ఇరవై లక్షలు ఇచ్చింది, భర్తకు ఉద్యోగం ఇచ్చింది. అది మంచి పని. ఆ ప్రభుత్వ వైద్యరంగం గట్టిగా ఉంది కాబట్టే రోగులతో మెలిగిన రెండు వేల మందికి పైగా మనుషులను వెతికి పట్టుకుని, గమనించి, జూన్ నెలాఖరుకు జబ్బును ఆపగలిగారు. అధికారిక లెక్కల్లో 17 మంది చనిపోయారు. బతికి బయటపడ్డ ఇద్దరిలో ఒకమ్మాయి నర్సింగ్ విద్యార్థిని. వీళ్లలో ఎక్కువమందికి జబ్బు సోకింది ఆస్పత్రుల్లోనే.

అయితే అదే సమయంలో ఇంకో పని కూడా జరిగింది. పేరాంబ్ర ఆస్పత్రి నర్సులు బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్లు లేచిపోయారు. ఆటోవాళ్లు ఎక్కించుకోలేదు. చనిపోయిన నర్సును దేవత అన్నారు, బతికున్న నర్సును అంటరానిదాన్ని చేశారు. నిపా వార్డు ఊడ్చిన తాత్కాలిక కార్మికులు తర్వాత తమ ఉద్యోగాల కోసం ఆందోళనకు దిగాల్సి వచ్చింది.

అయిదు సిరంజిలు

ఇప్పుడు మిమ్మల్ని ఆఫ్రికాకు తీసుకెళ్తాను. అప్పుడు జైరే అనేవాళ్లు, ఇప్పుడు కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ అంటున్న దేశంలో యంబుకు అనే ఊరుంది. అక్కడ బెల్జియం నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసినులు 120 పడకల ఆస్పత్రి నడిపేవాళ్లు. 1976లో ఆ ఊళ్లో కొత్త జ్వరం వచ్చింది. 318 మందికి వస్తే 280 మంది చనిపోయారు. ఆస్పత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది పోయారు. ఆ ప్రాంతంలోని నది పేరు మీద ఆ జబ్బుకు ఎబోలా అని పేరు పెట్టారు.

ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వచ్చారు. పీటర్ పియట్ అనే యువ డాక్టరు వాళ్లలో ఒకడు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాస్తే, పడుచు వయసు ఆడవాళ్లకు జబ్బు ఎక్కువగా వచ్చినట్టు కనిపించింది. ఎందుకని ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాళ్లలో చాలామంది గర్భిణులు. నెలనెలా ఆస్పత్రికి చూపించుకోవడానికి వచ్చినవాళ్లు. వచ్చిన ప్రతి ఒక్కరికీ బలానికని ఇంజక్షను ఇచ్చేవాళ్లు. పొద్దున్నే నర్సులకు అయిదు సిరంజిలు ఇచ్చేవాళ్లు. రోజంతా వందలమందికి ఆ అయిదే. ఒకరికి పొడిచాక గోరువెచ్చటి నీళ్లలో జాడించి ఇంకొకరికి పొడిచేవాళ్లు. ఆస్పత్రి మూతపడ్డాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

మిత్రులారా, ఇది నేను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆ పేజీ దాటలేకపోయాను. ఆ సన్యాసినులు చెడ్డవాళ్లు కాదు. వాళ్లూ చనిపోయారు. పొదుపు చేశారు. పేద ఆడవాళ్ల ఆస్పత్రిలో పొదుపు ఎప్పుడూ సిరంజి దగ్గర, గ్లవ్స్ దగ్గర, సబ్బు దగ్గరే మొదలవుతుంది. ఆ పొదుపు నేనూ చేశాను. అది చెప్పడానికే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

మా వార్డు

నేను 1987లో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చేరాను. ప్రసూతి వార్డులో వేశారు. అప్పట్లో గ్లవ్స్ ఒకసారి వాడి పారేసేవి కావు. కాన్పు అయ్యాక వాటిని నీళ్లలో పడేస్తే ఆయమ్మ కడిగేది. తాడు మీద ఆరేసి, చిల్లులు ఉన్నాయేమో నోటితో గాలి ఊది చూసి, పౌడరు చల్లి, గుడ్డలో కట్టి ఆటోక్లేవుకు పంపేది. చిల్లుపడ్డ గ్లవ్స్ కాన్పులకు పనికిరావు కాబట్టి అవి ఆయమ్మకే ఇచ్చేవాళ్లం, బెడ్‌పాన్లు తీయడానికి. ఇప్పుడు ఆలోచిస్తే, మంచివి రోగి కోసం, చిరిగినవి ఆయమ్మ కోసం అని మేమే పంచిపెట్టాం.

1996లో ఒక రాత్రి కుట్లు వేస్తుంటే సూది నా వేలికి దిగింది. ఆ మనిషికి ఏ జబ్బు ఉందో లేదో తెలియదు. మన దేశంలో హెచ్ఐవిని 1986లో చెన్నైలో కనిపెట్టారు. పదేళ్లు గడిచినా మా ఆస్పత్రిలో సూది గుచ్చుకున్న నర్సు ఏం చేయాలో చెప్పే కాగితం ఒక్కటి లేదు. పైవాళ్లకు చెప్తే, "రిజిస్టరులో రాయకండి సిస్టర్, అజాగ్రత్తగా చేశారని మీ మీదికే వస్తుంది" అన్నారు. ఇంట్లో నాకు అయిదు నెలల కూతురుంది. ఆ రోజు నుంచి పాలు మాన్పించేశాను. ఎందుకు మాన్పించావని అత్తగారు అడిగితే డ్యూటీలు కుదరడం లేదని చెప్పాను. ఆరు నెలలు నా భర్తకు కూడా చెప్పలేదు. వేరే ఊరు వెళ్లి, ప్రైవేటుగా డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదని వచ్చింది. నేను అదృష్టవంతురాలిని.

మా ఆయమ్మ కాదు. ఆమె రెగ్యులర్ ఉద్యోగి కాదు. రోజు కూలి మీద పదేళ్లకు పైగా పనిచేసింది. నన్ను సిస్టరమ్మా అని పిలిచేది. 1998లో ఆమెకు కళ్లు పచ్చబడ్డాయి. పసరు పోయించుకుని రెండు రోజులు ఇంట్లో ఉంది. కూలి పోతుందని మళ్లీ వచ్చింది. నీరసంగా ఉన్నావు, ఇంటికి వెళ్లమంటే "నేను పోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు సిస్టరమ్మా" అంది. మూడు వారాలకు పోయింది. ఆ కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ పరీక్ష చేయలేదు. ఇంట్లో నీళ్ల నుంచి వచ్చి ఉండవచ్చు, మా వార్డులో రక్తం నుంచి వచ్చి ఉండవచ్చు. అడిగేవాళ్లు లేరు. పనిచేసినట్టే ఏ రిజిస్టరులోనూ లేదు కాబట్టి పనివల్ల చనిపోయినట్టు ఎక్కడ రాస్తారు? ఉత్త చేతులతో ఆ గ్లవ్స్ కడుగుతుంటే పక్కన నిలబడి, త్వరగా కానీ అన్నది నేనే. ఇన్నేళ్లలో ఇది బయట చెప్పడం ఇదే మొదటిసారి.

చప్పట్లు కొట్టిన ఏడాది

2020లో కోవిడ్ వచ్చేసరికి గ్లవ్స్ మారాయి, సిరంజిలు మారాయి. లెక్క మారలేదు. మొదటి నెలల్లో మాకు మాస్కులు లెక్కపెట్టి ఇచ్చారు. ఆయాలకూ ఊడ్చేవాళ్లకూ ఇవ్వమంటే స్టాకు లేదన్నారు. దేశమంతా మాకు చప్పట్లు కొట్టిన వారానికే మా ఇంటి ఓనరు వచ్చి, "మీరేమీ అనుకోకండమ్మా, పైన పెద్దవాళ్లున్నారు, కొన్నాళ్లు ఎక్కడైనా చూసుకోండి" అన్నాడు. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే జైలు అని ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చారు. మంచిదే. మాస్కు ఇవ్వనివాణ్ణి ఏం చేయాలో అందులో లేదు.

ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకున్నది ఆశా కార్యకర్తలు. 2005లో ఆ పథకం పెట్టినప్పుడే వాళ్లను ఉద్యోగులు అనలేదు, స్వచ్ఛంద సేవకులు అన్నారు. జీతం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. దేశంలో దాదాపు పది లక్షల మంది. కోవిడ్ పనికి కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు ప్రకటించింది. 2020 ఆగస్టులో లక్షలమంది ఆశాలు సమ్మె చేశారు. అడిగింది మాస్కులు, జీతం, ఉద్యోగిగా గుర్తింపు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డు ఇచ్చింది. అవార్డు చూసి సంతోషించాం. ఆ మూడు డిమాండ్లూ అలాగే ఉన్నాయి.

'సేవ' అన్న మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారికి కోడలు చేస్తే సేవ. వార్డులో నర్సు చేస్తే సేవ. ఊళ్లో ఆశా చేస్తే సేవ. పని అంటే కూలి ఇవ్వాలి, పనిముట్టు ఇవ్వాలి, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇవ్వాలి. సేవ అంటే దండం పెడితే సరిపోతుంది. లైబీరియాలో 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఆస్పత్రులు నిండిపోయి, 22 ఏళ్ల నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయి ఇంట్లోనే తల్లిదండ్రులకూ అక్కకూ బంధువుల అబ్బాయికీ వైద్యం చేసింది. కాళ్లకు చెత్తబుట్ట సంచులు కట్టుకుంది, మీద వానకోటు, చేతులకు నాలుగు జతల గ్లవ్స్. ముగ్గురు బతికారు. ఆమెకు జబ్బు రాలేదు. ప్రపంచమంతా మెచ్చుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ సంచులు ఆమె ధైర్యాన్ని మాత్రమే చెప్పవు, ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదని కూడా చెప్తాయి.

టీకా దగ్గరా ఇదే వరస

కాంగోలో 2018-20లో ఎబోలా మళ్లీ వచ్చింది. 2,287 మంది చనిపోయారు. ఈసారి టీకా ఉంది. మూడు లక్షల మందికి పైగా వేశారు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ మాత్రం మొదట వేయలేదు. కడుపులో బిడ్డకు ఏమవుతుందో తెలియదన్నారు. ఎబోలా వచ్చిన గర్భిణి బిడ్డ దాదాపు ఎప్పుడూ బతకదని తెలిసి కూడా ఆ మాటే అన్నారు. విమర్శలు వచ్చాక 2019లో వాళ్లకూ ఇవ్వడం మొదలుపెట్టారు.

మన దేశంలో ఇంతే. కోవిడ్ టీకా 2021 జనవరి 16న మొదలైంది, ముందు వైద్య సిబ్బందికే వేశారు. గర్భిణులకు అనుమతి వచ్చింది జూలై 2న. మధ్యలో ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో మీకు తెలుసు. కడుపుతో ఉన్న నర్సులు టీకా లేకుండా ఆ రెండు నెలలూ డ్యూటీలు చేశారు. టీకా ప్రమాదమన్నప్పుడు బిడ్డ గుర్తొచ్చింది, డ్యూటీ వేసినప్పుడు గుర్తురాలేదు. వేసుకోవాలా వద్దా అని ఆ తల్లిని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంకో చేదు నిజం ఉంది. కాంగోలో ఎబోలా పనికి స్థానిక స్త్రీలను రోజుకూలికి తీసుకున్నారు. ఆ ఉద్యోగాలు ఇవ్వడానికీ, ఇచ్చినవి ఉంచడానికీ తమ నుంచి శారీరక సంబంధం కోరారని వాళ్లు బయటపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థే వేసిన స్వతంత్ర కమిషన్ 2021 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. ఆరోపణలు వచ్చిన 83 మందిలో 21 మంది ఆ సంస్థలో పనిచేసినవాళ్లేనని తేల్చింది. ప్రాణాలు కాపాడటానికి వచ్చినవాళ్ల దగ్గర కూడా ఆడమనిషికి రక్షణ కావాల్సి వచ్చింది.

మనం అడగాల్సినవి

రేపు ఏ గబ్బిలం నుంచి, ఏ పక్షి నుంచి ఏ వైరస్ వస్తుందో ఎవరూ చెప్పలేరు. కేరళకు నిపా 2018 తర్వాత కూడా మళ్లీ మళ్లీ వచ్చింది. దానికి ఇప్పటికీ ఆమోదం పొందిన టీకా లేదు. కానీ అది వచ్చిన రోజు ముందు ఎవరికి సోకుతుందో మాత్రం ఇవాళే చెప్పగలం. చెప్పగలిగినప్పుడు ఆపగలం కూడా. అందుకని ఈ సదస్సు తీర్మానాల్లో ఇవి చేర్చమని కోరుతున్నాను.

ఒకటి, ఆస్పత్రిలో అడుగుపెట్టి పనిచేసే ప్రతి మనిషి పేరూ రిజిస్టరులో ఉండాలి. ఆయా, ఊడ్చే మనిషి, గుడ్డలు ఉతికే మనిషి కాంట్రాక్టరు మనుషులని వదిలేయకూడదు. డాక్టరుకు ఇచ్చిన గ్లవ్స్, మాస్కు, టీకా వాళ్లకూ ఇవ్వాలి.

రెండు, సూది గుచ్చుకున్నా, జబ్బు సోకినా దాన్ని తప్పుగా కాక ప్రమాదంగా నమోదు చేయాలి. వైద్యం, జీతంతో సెలవు, పోతే కుటుంబానికి నష్టపరిహారం చట్టప్రకారం రావాలి. లినీ పిల్లలకు దక్కింది ఆమె పేరు దేశానికి తెలిసింది కాబట్టి. పేరు తెలియనివాళ్లకూ దక్కాలి.

మూడు, ఆశాలను కార్మికులుగా గుర్తించి జీతం, పింఛను ఇవ్వాలి.

నాలుగు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పారే నీళ్లు, సబ్బు, మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేకుండా ఏ జాగ్రత్తలు చెప్పినా వృథా.

అయిదు, టీకాల పరీక్షల్లో గర్భిణులను మొదటి నుంచీ లెక్కలోకి తీసుకోవాలి. తెలిసిన విషయాలన్నీ వాళ్లకు చెప్పి, నిర్ణయం వాళ్లకే వదలాలి.

ఆరు, 2013 లైంగిక వేధింపుల చట్టం కింద వేయాల్సిన కమిటీలు ఆస్పత్రుల్లో నిజంగా పనిచేయాలి. రోజుకూలి మనిషి కూడా వెళ్లి చెప్పుకోగలిగేట్టు ఉండాలి.

ఏడు, జబ్బు పేరు చెప్పి పందులనూ కోళ్లనూ చంపితే పెంచుకునేవాళ్లకు పూర్తి వెల కట్టివ్వాలి. అడవి నరికే ముందు ఆ అడవిలో కట్టెలేరుకునే ఆడవాళ్లను అడగాలి. కోతి చచ్చిపడి ఉందని మొదట చూసేది వాళ్లే. వాళ్లు వచ్చి చెప్తే రాసుకునే మనిషి ఊళ్లో ఉండాలి.

ఎక్కువసేపు మాట్లాడినట్టున్నాను, క్షమించండి. ఒక్క మాటతో ముగిస్తాను. రిటైరయ్యే రోజు మా వార్డులో నాకు శాలువా కప్పారు. ఫొటో తీసేటప్పుడు ఇప్పటి ఆయమ్మ వెనక నిలబడిపోయింది. ముందుకు రమ్మంటే, చేతులు తడిగా ఉన్నాయి సిస్టరమ్మా, ఇప్పుడే కడుగుతున్నాను అంది. ఆ చేతులకు గ్లవ్స్ లేవు. నేను పోరాడాల్సింది ఉద్యోగంలో ఉన్నప్పుడు. అప్పుడు చేయలేదు. మీరు ఈ సాయంత్రం ఇళ్లకు వెళ్లాక, మీ ఊరి ఆస్పత్రికి ఒకసారి వెళ్లి, అక్కడ కడిగే మనిషి చేతులు చూసి రండి. వచ్చే సమావేశంలో ఎవరేం చూశారో చెప్పుకుందాం.